చెన్నైలో ఆఫీసు భవనం డిజైన్: నేల నుంచి అద్దాల దాకా

ఆఫీసు భవనం కట్టదలచిన యజమాని మొదటి సమావేశానికే ఫోన్‌లో నిలువెల్లా అద్దాలున్న ఒక ఎలివేషన్ (భవనం ముందు ముఖం) బొమ్మ తెచ్చి చూపించడం మామూలే. ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టించి స్థలం సర్వే నకలు, మట్టి పరీక్ష నివేదిక, ముందున్న రోడ్డు మట్టం అడగండి. ఆర్కిటెక్టు పని, స్ట్రక్చరల్ ఇంజినీరు పని అక్కడి నుంచే కలిసి మొదలవ్వాలి. ఆర్కిటెక్టు ప్లాన్ పూర్తి చేసి పంపితే ఇంజినీరు అందులో కాలమ్‌లు ఇరికించే పద్ధతి చిన్న ఇంటికి చెల్లుతుందేమో గాని, సెల్లార్లు, లిఫ్టులు, ఏసీ డక్టులు, వందలాది ఉద్యోగులు ఉండే కట్టడానికి చెల్లదు. ఇక్కడ ఉదాహరణగా ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) దగ్గర ఒక భవనాన్ని ఊహించుకుందాం: పది అంతస్తులు, రెండు సెల్లార్లు, ఒక్కో అంతస్తు 58.8 మీటర్ల పొడవు, 25.2 మీటర్ల వెడల్పు, మొత్తం ఎత్తు దాదాపు 40 మీటర్లు. తమిళనాడు ఉమ్మడి అభివృద్ధి, భవన నియమావళి 2019 ప్రకారం 18.30 మీటర్లు దాటిన ప్రతిదీ ఎత్తయిన భవనమే కనుక, ఖాళీ స్థలాలు, రోడ్డు వెడల్పు, అగ్నిమాపక శాఖ అనుమతి అన్నీ ఆ లెక్కనే చూసుకోవాలి.

నేల, నీరు

చెన్నై నేల అంతటా ఒకే తీరుగా ఉండదు. గిండీ, పరంగిమలై, పల్లావరం వైపు చార్నొకైట్ అనే గట్టి రాయి తక్కువ లోతులోనే తగులుతుంది. సముద్రం వెంబడి ఇసుక పొరలు, పళ్ళికరణై చిత్తడి చుట్టుపక్కల మెత్తటి బంకమట్టి ఉంటాయి. అందువల్ల పక్క స్థలంలో ఏ పునాది వేశారో కనుక్కొని అదే వేయడం ఇక్కడ ప్రమాదకరమైన పొదుపు. టవర్ నాలుగు మూలల్లో, లిఫ్టు కోర్ (లిఫ్టులు, మెట్లు ఉండే కాంక్రీటు గోడల భాగం) వచ్చే చోట, టవర్ బయటికి సెల్లార్ విస్తరించే భాగంలో విడివిడిగా బోర్‌హోళ్ళు వేయించండి. రాయి తగలగానే ఆపేయకుండా, అది బండా లేక పైన ఉన్న పెద్ద గుండు మాత్రమేనా అని తేలేదాకా లోపలికి డ్రిల్ చేయించండి. నివేదికలో ప్రతి బోర్‌హోల్ దగ్గర నీటి మట్టం ఏ నెలలో కొలిచారో ఉండాలి, ఎందుకంటే ఈశాన్య రుతుపవనాలు ముగిసే డిసెంబరుకు, మండు వేసవికి మధ్య ఆ మట్టం బాగా మారిపోతుంది.

ఈ దశను తేలికగా తీసుకోవద్దనడానికి తెలుగువాళ్ళకు వేరే నిదర్శనం అక్కరలేదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతూ ఉండగానే 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వచ్చిన కూలీలు చాలామంది ఉన్నారు. పక్కనే నిలిచిన జంట భవనాన్ని 2016 నవంబరులో పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. అది నివాస భవనమే అయినా, నేల, కాలమ్ మోయగలిగిన దానికన్నా భారం ఎక్కువైతే ఏ భవనమైనా నిలవదు.

ఇక సెల్లార్ల సంగతి. రెండు సెల్లార్ల అడుగు నేలకు 7 మీటర్ల లోతున ఉండి, వానాకాలంలో నీరు 1 మీటరు లోతుకు చేరితే, రాఫ్ట్ (భవనం అడుగంతా పరిచే పునాది పలక) కింద 6 మీటర్ల నీటి ఒత్తిడి ఉంటుంది. అంటే ప్రతి చదరపు మీటరుకు 60 కిలోన్యూటన్ల బలం సెల్లార్‌ను పైకి తోస్తుంది. టవర్ కింద పది అంతస్తుల బరువు ఉంది కనుక చింత లేదు. టవర్ బయటి భాగంలో లెక్క వేయండి: 600 మి.మీ. రాఫ్ట్ 15, మధ్య స్లాబ్ 6, పై స్లాబ్ 6, దాని మీద తోట కోసం పోసిన 600 మి.మీ. మట్టి దాదాపు 11, మొత్తం 38 కిలోన్యూటన్లు. అరవైకి ఇది చాలదు. నీళ్ళలో పెట్టిన ఖాళీ గిన్నెలా ఆ భాగం తేలాలని చూస్తుంది. దించే బరువు తోసే బలానికి కనీసం 1.2 రెట్లు ఉండేలా, కొరతకు తగినన్ని టెన్షన్ పైల్స్ (రాఫ్ట్‌ను కిందికి పట్టి ఉంచే పైల్స్) గాని, రాయి దగ్గరగా ఉంటే రాక్ యాంకర్లు (రాయిలోకి దించి బిగించే స్టీలు) గాని డిజైన్ చేయాలి. నీటిని తోడే పంపులను ఏ అంతస్తు స్లాబ్ పోశాక ఆపవచ్చో కూడా డ్రాయింగ్ మీద రాయాలి. ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల సైట్‌లో డీజిల్ ఖర్చు చూసి పంపులు ముందే ఆపేసే సందర్భాలున్నాయి.

తవ్వకానికి గట్టుగోడ డిజైన్ కాంట్రాక్టరు పని అని వదిలేయకండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానకు వేళచేరి ప్రాంతంలో నిర్మాణం కోసం తవ్విన లోతైన గొయ్యి అంచు కూలి మనుషులు చనిపోయారు. అక్టోబరు వచ్చేసరికి రాఫ్ట్ పూర్తయ్యేలా పని క్యాలెండరు వేసుకోవడం ఇక్కడ డిజైన్‌లో భాగమే. ర్యాంపు నోటి దగ్గర రోడ్డు మట్టం కన్నా, 2015 వరదలో ఆ వీధిలో నీళ్ళు నిలిచిన మట్టం కన్నా ఎత్తుగా ఒక దిమ్మ కట్టి, అక్కడి నుంచి కిందికి వాలు ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, మెయిన్ ప్యానెల్ సెల్లార్‌లో పెడితే స్థలం కలిసొస్తుందని అద్దె లెక్కలు వేసేవారు చెబుతారు, కాని ఒప్పుకోవద్దు.

సముద్రపు గాలి తగిలే ప్రాంతంలో కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీవ్ర పరిస్థితుల తరగతిని తీసుకుంటే, కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, 0.45 మించని నీరు-సిమెంటు నిష్పత్తి, స్టీలు మీద 45 మి.మీ. కవర్ (కాంక్రీటు పొర) ఉండాలి. ఉప్పు జల్లు నేరుగా పడే చోట ఎం35, 50 మి.మీ.

కార్ల నుంచి కాలమ్‌లకు

కాలమ్‌ల మధ్య దూరం ఎంత ఉండాలో నిర్ణయించేది పైనున్న ఆఫీసు కాదు, కింద పార్కింగ్. ఒక కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు ఇస్తే మూడు కార్లకు 7.5 మీటర్లు కావాలి. కాలమ్ 800 మి.మీ. అనుకుంటే 8.4 మీటర్ల గ్రిడ్‌లో 7.6 మీటర్లు ఖాళీ మిగులుతుంది. గ్రిడ్‌ను 8 మీటర్లకు తగ్గిస్తే కాలమ్‌ల మధ్య రెండు కార్లే పట్టి, ప్రతి గదిలో (అంటే రెండు కాలమ్‌ల మధ్య ఖాళీలో) రెండు మీటర్లకు పైగా వృథా అవుతుంది. ఇప్పుడు మన భవనం కొలతలు ఎందుకలా ఉన్నాయో చూడండి: వెడల్పులో మూడు గదులు 25.2, పొడవులో ఏడు గదులు 58.8.

ఆ కాలమ్ 800 మి.మీ. సరిపోతుందా అన్నది మొదటి రోజే చేతి లెక్కతో తేల్చుకోవచ్చు. లోపలి కాలమ్ మోసే విస్తీర్ణం 8.4ను 8.4తో గుణిస్తే 70.56 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు బరువులు ఇవి: సగటున 230 మి.మీ. స్లాబ్ 5.75, ఫ్లోరింగ్, సీలింగ్, సర్వీసులు 1.5, తేలిక పార్టిషన్లు 1.0 కిలోన్యూటన్లు. మనుషులు, సామాను బరువు (లైవ్ లోడ్) ఆఫీసు గదులకు విడిగా స్టోరేజి ఉంటే 2.5, లేకపోతే 4.0 అని భవనాల భారాల ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. రేపు అద్దెకు వచ్చేవారు ఫైళ్ళ ర్యాకులు ఎక్కడ పెడతారో ఎవరికీ తెలియదు కనుక 4.0 తీసుకోవడమే మేలు. పైగా అయిదు నుంచి పది అంతస్తులు మోసే కాలమ్‌కు ఈ లైవ్ లోడ్‌లో 40 శాతం తగ్గింపును అదే ప్రమాణం అనుమతిస్తుంది. ఆ తగ్గింపు తీసుకొని, కాలమ్ సొంత బరువు కలిపితే పది అంతస్తులకు దాదాపు 8,140 కిలోన్యూటన్లు, అంటే 830 టన్నులు. భద్రత కోసం 1.5 రెట్లు చేస్తే 12,200. ఎం40 కాంక్రీటు, 2 శాతం ఎఫ్‌ఈ500 గ్రేడు స్టీలుతో 800 మి.మీ. చతురస్రపు కాలమ్ నిలువుగా మోసేది సుమారు 14,300. కంప్యూటర్ మోడల్ తర్వాత ఏం చెప్పినా ఈ అంకెకు చాలా దూరంగా ఉంటే మోడల్‌నే అనుమానించండి.

కోర్ ఎక్కడ?

ఆర్కిటెక్టుకు, ఇంజినీరుకు, యజమానికి నిజంగా పేచీ వచ్చేది ఇక్కడే. పడమటి ఎండను అడ్డుకోవడానికి మెట్లు, టాయిలెట్లు, ఏహెచ్‌యూ (ఏసీ గాలిని పంపే యంత్రం) గదులన్నీ పడమటి చివర పెడితే ఏసీ భారం తగ్గుతుందని ఆర్కిటెక్టు అంటాడు. అన్ని కాంక్రీటు గోడలూ ఒక చివరే ఉంటే గాలికి, భూకంపానికి భవనం మెలి తిరుగుతుందని ఇంజినీరు అంటాడు. నైరుతిలో బరువు, ఈశాన్యంలో సంపు, ఆగ్నేయంలో కరెంటు గది ఉండాలని యజమాని అంటాడు. వాస్తును నమ్మడం నమ్మకపోవడం వేరే సంగతి; ఆ షరతులను మొదటి సమావేశంలోనే కాగితం మీద రాయించుకోకపోతే, పునాది డ్రాయింగులు విడుదలయ్యాక అవి తప్పకుండా వచ్చి పడతాయి.

మన భవనంలో ముగ్గురి మాటా ఒకేసారి నెగ్గే ఏర్పాటు ఉంది. కోర్‌ను ఒకే ముద్దగా కాకుండా మూడుగా విడదీయండి. లిఫ్టులు పొడవుకు మధ్యన, ఉత్తరపు అంచున ఉంటే, అంతస్తును ఇద్దరు అద్దెదారులకు పంచినా ఎవరికీ పొడవాటి కారిడార్ అవసరం రాదు. ఒక మెట్ల బ్లాకు, టాయిలెట్లు, ఏహెచ్‌యూ నైరుతి వైపు. రెండో మెట్లు, కరెంటు షాఫ్ట్ ఆగ్నేయం వైపు. లిఫ్టు గోడలు ఉత్తరానికి జరిగినందువల్ల పుట్టే మెలికను దక్షిణ సగంలో ఉన్న ఈ రెండు మెట్ల గోడలు సరిచేస్తాయి. రెండు మెట్లూ ఒకదానికొకటి దూరంగా ఉండాలన్న అగ్నిభద్రత నిబంధన కూడా దీనితోనే తీరుతుంది. జాతీయ భవన నియమావళి 2016 ఆఫీసులకు 30 మీటర్ల నడక దూరం పెట్టి, పూర్తిగా స్ప్రింక్లర్లు ఉంటే దాన్ని సగం మేర పెంచుకోనిస్తుంది. ఆ 45 మీటర్లను గీత గీసినట్టు కాకుండా, టేబుళ్ళు పరిచిన లేఅవుట్ మీద మనిషి నడిచే దారిలో కొలవాలి.

అయితే ఈ ఏర్పాటుకు ఒక మూల్యం ఉంది. రెండు చివరలా గట్టి గోడలు ఉన్నప్పుడు, మధ్యలో పీటీ (పోస్ట్ టెన్షన్డ్, అంటే కాంక్రీటు గట్టిపడ్డాక లోపలి స్టీలు కేబుళ్ళను లాగి బిగించే) స్లాబ్ కేబుళ్ళు లాగితే స్లాబ్ కురచ కావడానికి గోడలు ఒప్పుకోవు. స్లాబ్ పగుళ్ళిస్తుంది, లాగిన బలంలో కొంత గోడల్లోకి పోతుంది. కనుక మధ్య గదిలో సుమారు ఒక మీటరు వెడల్పున పోర్ స్ట్రిప్ వదిలి, రెండు సగాలనూ విడిగా లాగి, కొన్ని వారాల తర్వాతే ఆ పట్టీని నింపాలి. అంతవరకూ దాని కింద సెంట్రింగ్ కదల్చకూడదు. పొడవు 45 మీటర్లు మించినప్పుడు ఎక్స్‌పాన్షన్ జాయింట్ల సంగతి చూడమని ఐఎస్ 456 చెబుతుంది. జాయింట్ వద్దనుకుంటే ఉష్ణోగ్రత మార్పుల లెక్క విడిగా చేసి ఫైల్‌లో ఉంచాలి.

అంతస్తు ఎత్తు, స్లాబ్

నిలువు సెక్షన్‌ను ఏసీ ఇంజినీరు పక్కన కూర్చుని ఉండగా గీయండి. కేబుళ్ళ కోసం ఎత్తు పెంచిన ఫ్లోర్‌కు 150, మనిషి తిరిగే చోటు 2,750, ఫాల్స్ సీలింగ్, లైట్లకు 100, డక్టులు, స్ప్రింక్లర్ పైపులకు 600, స్లాబ్‌కు 210, పని తేడాలకు 90. వెరసి 3,900 మి.మీ. కాలమ్‌ల దగ్గర డ్రాప్ ప్యానెల్ (మందం పెంచిన భాగం) ఉన్న, బీములు లేని పీటీ ఫ్లాట్ స్లాబ్‌తోనే ఇది కుదురుతుంది. మామూలు బీములు వేసి వాటి కింద నుంచి డక్టులు తీయాలంటే 4.2 మీటర్లు కావాలి. అంతస్తుకు 300 మి.మీ. అంటే పది అంతస్తులకు 3 మీటర్ల అద్దం, గోడ, పైపు, లిఫ్టు తాడు అదనం.

ఫ్లాట్ స్లాబ్‌కు బలహీనత కాలమ్ చుట్టూ ఉంటుంది. కాలమ్ స్లాబ్‌ను పొడుచుకొని పైకి రాకుండా పంచింగ్ షియర్ చూడాలి. ప్లంబింగ్ వాళ్ళు సరిగ్గా అక్కడే, కాలమ్‌ను ఆనుకొని పైపుల రంధ్రం అడుగుతారు. డ్రాప్ ప్యానెల్ హద్దులో ఏ రంధ్రమూ ఉండదని ఆర్కిటెక్చరల్ డ్రాయింగ్ మీదే గళ్ళు కొట్టి చూపించండి.

గాలి, భూకంపం

బెంగళూరులో కట్టిన ఆఫీసు డ్రాయింగులనే చెన్నైలో వాడుకుందామనే కంపెనీలు తరచు తగులుతుంటాయి. ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ప్రాథమిక గాలి వేగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50. వేగం ఒకటిన్నర రెట్లే కదా అనిపిస్తుంది. ఒత్తిడి మాత్రం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు 2.3 రెట్లు. ఫ్రేమ్ సంగతి అటుంచి, అద్దం మందం, దాన్ని పట్టుకునే అల్యూమినియం పట్టీ, ఆ పట్టీని స్లాబ్‌కు బిగించే బ్రాకెట్ అన్నీ మళ్ళీ లెక్క కట్టాల్సిందే. గాలికి భవనం తల కదిలేది ఎత్తులో 500వ వంతు మించకూడదు. 40 మీటర్లకు అది 80 మి.మీ.

భూకంపం విషయంలో ఐఎస్ 1893, 2016 సంచిక చెన్నైని జోన్ 3లో, అంతకన్నా తక్కువ ముప్పున్న జోన్ 2లో బెంగళూరును ఉంచింది. 200 మందికి పైగా ఉండే వాణిజ్య భవనం కనుక ప్రాముఖ్య గుణకం (భవనం ప్రాధాన్యాన్ని బట్టి భూకంప బలాన్ని పెంచే అంకె) 1.2. ఫ్లాట్ స్లాబ్, కాలమ్‌లు మాత్రమే అడ్డంగా వచ్చే బలాన్ని తట్టుకుంటాయని లెక్క చూపడం కుదరదు. కాంక్రీటు గోడలు ఆ పని చేయాలి, పైగా డిజైన్ బలానికి పైకప్పు కదలిక ఎత్తులో 0.1 శాతం, అంటే మనకు 40 మి.మీ. మించకూడదు. గాలికిచ్చిన 80 కన్నా ఇది కఠినమైన హద్దు, గోడల మందం చాలాసార్లు దీనితోనే తేలుతుంది. రిసెప్షన్ ఘనంగా ఉండాలని కింది అంతస్తును రెండింతల ఎత్తు చేసేటప్పుడు, ఆ అంతస్తు పై అంతస్తు కన్నా మెతకబడకుండా గోడలు నేల దాకా ఎక్కడా తెగకుండా దిగాలి. పార్కింగ్‌కు అడ్డమని ఏ ఒక్క గోడనూ సెల్లార్‌లో ఆపకూడదు.

అద్దాలు

పొడవైన ముఖాలు ఉత్తర, దక్షిణాలకు ఉండేలా భవనాన్ని తిప్పి పెట్టగలిగితే సగం పని అయినట్టే. ఉత్తరపు గోడకు ఎండ తగలదని మాత్రం అనుకోవద్దు. చెన్నై అక్షాంశం 13 డిగ్రీలే కనుక, ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ ఉత్తరం వైపునే ఉంటాడు. దక్షిణాన డిసెంబరులో మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు 53 డిగ్రీల ఎత్తు నుంచి పడుతుంది, 900 మి.మీ. సన్‌షేడ్ వేస్తే దాని కింద 1.2 మీటర్ల అద్దం నీడలో ఉంటుంది, మిగతా అద్దానికి మధ్యలో మరో అడ్డ పలక కావాలి. తూర్పు, పడమరలకు సన్‌షేడ్ పనిచేయదు, అక్కడ గోడే ఉత్తమం. ఈసీబీసీ (భవనాల ఇంధన పొదుపు నియమావళి) 2017 నిర్దేశిత పద్ధతిలో బయటి గోడ విస్తీర్ణంలో అద్దం 40 శాతం మించకూడదు. నిలువెల్లా అద్దమున్న ఎలివేషన్‌ను మొదటి రోజే పక్కన పెట్టించమన్నది ఇందుకే.

అగ్నిభద్రత, లిఫ్టులు

మౌంట్ రోడ్డు మీద 1959లో ప్రారంభమైన ఎల్‌ఐసీ భవనం 1975లో అగ్నిప్రమాదం పాలైన సంగతి నగరానికి గుర్తే. ఆఫీసుల్లో మెట్ల వెడల్పు కనీసం 1.5 మీటర్లు ఉండాలి. 24 మీటర్లు దాటాక మొదటి రెఫ్యూజ్ ఏరియా (మంటలప్పుడు జనం ఆగి తలదాచుకునే చోటు), ఆపైన ప్రతి 15 మీటర్లకు ఒకటి. తలకు 10 చదరపు మీటర్ల లెక్కన మన అంతస్తుకు 148 మంది, మొత్తం దాదాపు 1,480 మంది. ఉదయం రద్దీలో అయిదు నిమిషాల్లో 12 శాతం మందిని ఎక్కించాలంటే 178 మంది. 20 మంది పట్టే లిఫ్టు ఒక విడతకు 16 మందిని తీసుకెళ్ళి 140 సెకన్లలో తిరిగొస్తే అయిదు నిమిషాల్లో 34 మంది. కనుక ఆరు లిఫ్టులు, వాటికి తోడు ఒక ఫైర్ లిఫ్టు.

డ్రాయింగులు ఇచ్చాక

డిజైన్ ఆధార నివేదికలో పైన చెప్పిన భారాలు, గుణకాలు, నీటి మట్టం, కాంక్రీటు గ్రేడ్లు అన్నీ రాసి, యజమాని, ఆర్కిటెక్టు, ఇంజినీరు సంతకాలు చేశాకే వివరమైన డ్రాయింగులు మొదలుపెట్టండి. రాడ్‌బెండింగ్ డ్రాయింగులో జోన్ 3కు తగినట్టు రింగుల హుక్కులు 135 డిగ్రీలకు వంచమని పెద్ద బొమ్మతో చూపించాలి, ఎందుకంటే అలవాటు కొద్దీ మేస్త్రీలు 90 డిగ్రీల దగ్గరే ఆపేస్తారు. సైట్‌లో మేస్త్రీ తెలుగువాడైతే ఆ సూచనను తెలుగులో కూడా రాసి గోడకు అంటించండి.

పీటీ స్లాబ్‌కు మరొక జాగ్రత్త కావాలి. అద్దెకు వచ్చినవారి ఇంటీరియర్ కాంట్రాక్టరు ఫాల్స్ సీలింగ్ కొక్కేల కోసం స్లాబ్ అడుగున డ్రిల్ పెడతాడు. అది కేబుల్‌కు తగిలితే ఆ పట్టీ మొత్తం బలం పోవచ్చు. సెంట్రింగ్ ఊడదీసిన వారంలోపే ప్రతి కేబుల్ దారినీ స్లాబ్ అడుగున రంగు గీతలతో గుర్తింపజేసి, కేబుళ్ళు నిజంగా ఎక్కడున్నాయో చూపే డ్రాయింగును భవన నిర్వహణ కార్యాలయానికి అప్పగించి, అద్దె ఒప్పందంలో ఎంత లోతు దాకా డ్రిల్ చేయవచ్చో మిల్లీమీటర్లలో రాయించండి.